కర్త లేని వాక్యము

భావము ముఖ్యము గాని భాష ముఖ్యము గాదనియు, మాట యనునది భావమునకు తొడిగిన వస్త్రమువంటిదనియు, వస్త్రము మారినంతమాత్రమున మనుష్యుడు మారడనియు మనలో పలువురు తలచుచుందురు. ఈ తలంపు వినుటకు ఇంపుగానే యున్నది. విచారించి చూచినచో నిలువదు. శబ్దమునకును అర్థమునకును గల సంబంధము బట్టకును దేహమునకును గల సంబంధము కాదని మన పూర్వులెరుగుదురు. కాళిదాసు రఘువంశారంభమున పార్వతీపరమేశ్వరులు కలసియుండు తీరునకు ఉపమానము వెదకి, వాక్కును అర్థమును కలసియుండు తీరునే పట్టుకొనెను. ఒకటి కదలినచో రెండవది కదలక తప్పదు. ఒక మాటను తీసి మరియొక మాట నుంచునపుడు పైబట్ట మాత్రమే మారుట లేదు. అర్థమే కొంత జరుగుచున్నది. ఒక్కొక్కయెడ అర్థముతోపాటు అపరాధమును జరిగి, చేసినవాని మీదనుండి తొలగి, ఎవరిమీదను లేకుండ పోవుచున్నది.

ఈ సంగతి ఏ భాషకైనను చెల్లునదే. అయినను ఆంగ్లభాషను తీసికొని దీనిని విచారించుట మనకు రెండు కారణములచేత అవసరము. మన శాసనములును, కార్యాలయముల యుత్తరప్రత్యుత్తరములును, మన పిల్లల పైచదువులును చాలవరకు నా భాషలోనే నడచుచున్నవి. ఇది మొదటి కారణము. దానిని మనలో ననేకులు తల్లియొడిలో గాక పాఠశాలలో నేర్చుకొనుటచేత, పదముల కోశార్థము నెరుగుదుము గాని వాని బరువు నెరుగము. ఇది రెండవ కారణము. బరువు తెలియనివాడు తూనికలో మోసపోవుట సహజము గదా!

ఆంగ్లభాషకు మూడంతస్తులున్నవని చెప్పవచ్చును. అడుగంతస్తు ఆంగ్లో-శాక్సనుల ప్రాతపలుకు. 1066వ సంవత్సరమున నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచిపదములు రాజుల కొలువులలోను న్యాయస్థానములలోను చేరి రెండవ యంతస్తయ్యెను. పండితులు లాటినునుండి తెచ్చుకొన్న పదములు మూడవ యంతస్తు. అందుచేత 'అడుగుట' యను నొక్క పనికి 'ఆస్క్', 'క్వెశ్చన్', 'ఇంటరాగేట్' అని మూడు మాటలు గలవు. బిడ్డ తల్లిని అడుగునపుడు మొదటి మాట తగును; న్యాయవాది సాక్షిని అడుగునపుడు రెండవది; పోలీసులు నిర్బంధించినవానిని అడుగునపుడు మూడవది. కోశము చూచినచో మూడును ఒక్కటే. బిడ్డ తల్లిని 'ఇంటరాగేట్' చేసెనని వ్రాసినచో మాత్రము చదువువారు నవ్వుదురు. సర్ వాల్టర్ స్కాటు 1819లో ప్రకటించిన 'ఐవన్హో' నవలయందు ఒక విదూషకునిచేత ఈ విషయమై చక్కని మాట చెప్పించినాడు. పందియు ఎద్దును శాక్సను కాపరి మేపుచున్నంతకాలము 'స్వైన్', 'ఆక్స్' అను శాక్సను పేళ్ళతోనే యుండి, నార్మను ప్రభువు పళ్ళెములోనికి వచ్చుసరికి 'పోర్క్', 'బీఫ్' అను ఫ్రెంచి పేళ్ళు దాల్చునట. మేపినవాని మాట యొకటి, తిన్నవాని మాట యొకటి!

మనకును ఇట్టి యంతస్తులున్నవి. చచ్చెను, చనిపోయెను, మరణించెను, పరమపదించెను అనునవి నాలుగును ఒక్క సంగతినే తెలుపును. వానిలో దేనిని ఎవరినిగూర్చి వాడితిమో దానినిబట్టి ఆ మనుష్యునియెడ మన గౌరవ మెంతటిదో బయటపడును. ఆంగ్లమున అడుగంతస్తునుండి పైయంతస్తునకు పోవుకొలది పదము గౌరవము పొందును. దానితోపాటు వస్తువు కంటికి దూరమగును. 'కిల్' అనగా చంపుట. మాట వినగానే చంపువాడును చచ్చువాడును కనబడుదురు. 'ఎలిమినేట్' అనగా తొలగించుట. 'న్యూట్రలైజ్' అనగా నిర్వీర్యము చేయుట. ఈ మాటలు వినువానికి ఏదో లెక్క సరిపెట్టినట్లుండును గాని నేలమీద రక్తము కనబడదు. బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించి, కొంతకాలము బర్మాలో పోలీసు ఉద్యోగము చేసిన జార్జి ఆర్వెల్ 1946లో ఆంగ్లభాషను రాజకీయములనుగూర్చి వ్రాసిన వ్యాసమునందు ఇట్టి మాటల గుట్టు విప్పెను. దిక్కులేని పల్లెలపై విమానములనుండి బాంబులు వేసి, జనులను అడవులపాలు చేసి, పసులను కాల్చి, దానికి 'పాసిఫికేషన్', అనగా శాంతి నెలకొల్పుట, అని పేరు పెట్టుచున్నారని ఆయన యాక్షేపణ. శాంతి యను మాట అంత చల్లనిది గనుకనే అంత ఘోరమును కప్పగలిగినది.

మాట మారిన అర్థము మారునని చెప్పుట పండితుల యూహ మాత్రము కాదు. పరీక్షలవలన తేలిన సంగతి. 1974లో అమెరికాయందు వాషింగ్టను విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను మనశ్శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులకు మోటారుకార్లు ఢీకొనిన చలనచిత్రములను చూపి, ఆ కార్లు అపుడెంత వేగముగా పోవుచుండెనని యడిగిరి. ప్రశ్నలో క్రియాపదమును మాత్రము మార్చిరి. కొందరిని 'స్మాష్డ్', అనగా నుజ్జగునట్లు గ్రుద్దుకొనిన, అను మాటతోను, మరికొందరిని 'కాంటాక్టెడ్', అనగా తగిలిన, అను మాటతోను అడిగిరి. మొదటి మాట విన్నవారు సగటున గంటకు 40.5 మైళ్ళ వేగమనిరి. రెండవ మాట విన్నవారు 31.8 మైళ్ళనిరి. వేరొక విద్యార్థి సముదాయమునకు ఒక చిత్రమును చూపి, ఒక వారము గడచిన పిమ్మట పగిలిన గాజును చూచితిరా యని యడిగిరి. చిత్రమున పగిలిన గాజు లేనే లేదు. అయినను 'స్మాష్డ్' అను మాట విన్న 50 మందిలో 16 మంది చూచితిమనిరి. 'హిట్', అనగా కొట్టుకొనిన, అను మాట విన్న 50 మందిలో 7 గురు మాత్రమే యట్లనిరి. అడిగినవాని మాట చూచినవాని జ్ఞాపకములోనికి పోయి, అచట లేని గాజును పగులగొట్టినదన్నమాట! న్యాయస్థానములలో సాక్షులను ప్రశ్నించువారే కాదు, ఇంట బిడ్డల తగవు తీర్చు తలిదండ్రులును ఈ సంగతి నెరిగియుండవలెను. "ఏమి జరిగినది?" యని యడుగుట యొకటి, "వాని నేల కొట్టితివి?" యని యడుగుట మరియొకటి. రెండవ ప్రశ్నలో తీర్పు ముందే యున్నది.

క్రియాపదముల మాట యటుండనిండు. ఆంగ్లమున అతిస్వల్పమగు పదము 'ది' యను ఉపపదము. తెలుగున నట్టిది లేదు గనుక మన విద్యార్థులు దానిని కూరలో ఉప్పు చల్లినట్లు ఒకచోట చల్లి మరియొకచోట మరచుచుందురు. 1975లో లాఫ్టస్ మరియొకరితో గూడి దీనిని పరీక్షించెను. ఒక మోటారు ప్రమాదపు చిత్రమును చూపి, కొందరిని "పగిలిన దీపము నొకదానిని చూచితిరా?" యను నర్థమిచ్చు 'ఎ'తోను, మరికొందరిని "ఆ పగిలిన దీపమును చూచితిరా?" యను నర్థమిచ్చు 'ది'తోను అడిగిరి. లేని దీపమును చూచితిమని చెప్పినవారు రెండవ పక్షమునందే యెక్కువ. 'ది' యనగానే వస్తువు ఉన్నదని ఒప్పుకొన్నట్లే. చూచినది చూడనిది యను ప్రశ్న మాత్రమే మిగులును. 1967 జూను యుద్ధము ముగిసిన పిమ్మట ఐక్యరాజ్యసమితి భద్రతామండలి నవంబరు 22వ తేదీన 242వ తీర్మానము చేసెను. ఇజ్రాయేలు సైన్యములు ఆ యుద్ధమున ఆక్రమించిన ప్రదేశములనుండి వైదొలగవలెనని చెప్పు చోట, ఆంగ్లపాఠమున 'టెరిటరీస్' అను మాటకు ముందు 'ది' లేదు. లేదు గనుక అన్ని ప్రదేశములనుండియు ననుట కాదని యొక పక్షమువారు వాదించిరి. ఫ్రెంచిపాఠమున ఉపపదముతో గూడిన రూపమే యున్నది గనుక అన్నిటినుండియు ననియే యర్థమని మరియొక పక్షమువారు వాదించిరి. మూడక్షరముల మాట లేనంతమాత్రమున దేశముల సరిహద్దులు వివాదములో పడినవి. వ్యాకరణము పరీక్షలో మార్కులకొరకేనని తలచువారు ఈ తీర్మానమును చదువవలెను.

ఇంతకంటె మన యిండ్లకు దగ్గరగా నుండు ఉదాహరణము నొకదానిని కొంచెము విపులముగా చూతము. భారత పార్లమెంటు 1961లో వరకట్న నిషేధ శాసనమును చేసెను. శాసనము ఆంగ్లమున నున్నది. వివాహమునకు ముందుగాని, వివాహసమయమునగాని, పిమ్మటగాని, వివాహమునకు 'కన్సిడరేషన్'గా ఇచ్చిన లేక ఇచ్చుట కొప్పుకొనిన సొత్తు కట్నమని అది నిర్వచించెను. ఈ 'కన్సిడరేషన్' అను మాటకు లోకవ్యవహారమున ఆలోచన, ఆదరము అని యర్థములు. ఒడంబడికల శాసనమున మాత్రము దానికి ప్రతిఫలమని యర్థము. నీవిది యిచ్చితివి గనుక నేనది యిచ్చుచున్నాను అను బేరమున్నచోటనే ఆ మాట చెల్లును. కావున నేరమును రుజువు చేయవలెననిన, ఇచ్చిన సొత్తు పెండ్లికి వెలగా ఇచ్చినదేయని చూపవలసివచ్చెను. ఏ వరుని తండ్రి యట్టి రసీదు వ్రాసియిచ్చును? పిల్లవాని తరపువారు, "మేమేమీ అడగలేదండీ, వాళ్ళ అమ్మాయికి వాళ్ళు పెట్టుకున్నారు" అందురు. పిల్ల తండ్రియు, కూతురు ఆ యింట బ్రతుకవలసియున్నది గనుకను, ఇచ్చినవానికిని శిక్ష గలదు గనుకను, ఆ మాటకే తల యూపును. ఆ విధముగా నూటికి నూరుపాళ్ళు కట్నమైనది శాసనము కంటికి కానుకగా కనబడెను.

పార్లమెంటు 1984లో ఈ మాటను తీసివేసి, దాని స్థానమున 'ఇన్ కనెక్షన్ విత్', అనగా వివాహసంబంధముగా, అను మాటలను చేర్చెను. 1986లో 'పిమ్మట' అనుచోట 'పిమ్మట ఎప్పుడైనను' అని స్పష్టము చేసెను. మొదటి మాట బేరమును రుజువు చేయుమని కోరును. రెండవ మాట సంబంధమును చూపిన చాలునని చెప్పును. ఈ యొక్క మాట మారుటకు ఇరువదిమూడు సంవత్సరములు పట్టెను. ఆ నడుమ ఎన్ని యిండ్లలో ఆడపిల్లల తండ్రులు అప్పులపాలైరో, ఎందరు కోడండ్రు కన్నీరు మ్రింగిరో మన పాఠకులలో ననేకులకు తెలియును. ఆ బాధలన్నియు ఆ మాటవలననే కలిగినవని నే ననుట లేదు. మాట సరిగా నున్నంతమాత్రమున దురాచారము నశించదు. శాసనము మారిన పిమ్మటను కట్నము పోలేదు. కోరక యిచ్చిన కానుకలను పట్టికలో వ్రాసినచో, అవి ఆచారమునకును ఇచ్చువారి తాహతునకును లోబడియుండినచో, శాసనము విడిచిపెట్టును గనుక, ఇపుడు 'గిఫ్టు' అను మాట ఆ పని చేయుచున్నది. అయినను మాట తప్పుగా నున్నచోట దురాచారము కంటికి కూడ దొరకదు. దొరకనిదానిని దిద్దు టెట్లు? మన ప్రాతమాటయగు 'కన్యాశుల్కము'ను చూడుడు. శుల్కమనగా వెల. ఆ మాటలో దాపరికము లేదు. గురజాడ అప్పారావుగారు ఆ దురాచారముపై నాటకము వ్రాసినపుడు వెదకి పేరు పెట్టనక్కరలేకపోయెను. ఆచారమే తన పేరును నగ్నముగా చెప్పుచుండెను.

ఇక పదములను విడిచి వాక్యనిర్మాణమునకు వత్తము. సంస్కృతవ్యాకరణము చదువుకొన్నవారికి కర్త యనిన నెవరో తెలియును. క్రియయందు స్వతంత్రుడైనవాడు కర్తయని పాణిని చెప్పెను. స్వతంత్రుడనగా తన యిచ్ఛచేత చేయువాడు. కావుననే ఫలమునకు బాధ్యుడు. ఆంగ్లమున కర్మణివాక్యము వ్రాయునపుడు కర్తను 'బై' యను మాటతో కడపట చేర్చవచ్చును; చేర్చకపోయినను వాక్యమునకు లోటు లేదు. అచటనే చిక్కు వచ్చినది. అమెరికా అధ్యక్షుడగు యులిసిస్ గ్రాంటు 1876లో కాంగ్రెసునకు పంపిన కడపటి వార్షికసందేశమున, తన పాలనలో పొరపాట్లు జరిగినవని కర్మణిప్రయోగముతోనే చెప్పెను. తానును దాని నొప్పుకొనుచున్నట్లు ప్రక్కనే చేర్చెను. ఆ చేర్పుచేత ఒక మనుష్యుడు వాక్యములోనికి వచ్చినాడు. 1987 జనవరిలో మరియొక అధ్యక్షుడగు రొనాల్డ్ రీగన్, ఇరానునకు రహస్యముగా ఆయుధములమ్మిన వ్యవహారమునుగూర్చి చెప్పుచు, తీవ్రమైన 'మిస్టేక్స్ వర్ మేడ్', అనగా పొరపాట్లు చేయబడినవి, అనెను. ఎవరు చేసిరి? ఆ వాక్యము చెప్పదు. వాక్యములో అబద్ధము లేదు. పొరపాట్లు జరిగిన మాట నిజమే. ఒప్పుకొనినట్లును ఉండవలెను, ఎవరును దొరకకుండను ఉండవలెను. ఆ రెండు కోరికలను ఒక్క వ్యాకరణరూపము తీర్చినది. పిమ్మట నీ మాట ఆ దేశమున పరిహాసపాత్రమయ్యెను.

ఇట్టి వాక్యములు వినువాని తీర్పును మార్చునా యని యడుగవచ్చును. మార్చును. కెయిట్లిన్ ఫాసీ, లేరా బొరోడిట్స్కీ అను విదుషీమణు లిద్దరు 2010లో ఒక భోజనశాలలో జరిగిన అగ్నిప్రమాదపు కథను రెండు విధముల వ్రాసి చదివించిరి. ఒకదానిలో ఒక స్త్రీ క్రొవ్వొత్తిని పడద్రోసి బట్ట నంటించెను. మరియొకదానిలో క్రొవ్వొత్తి పడి బట్ట యంటుకొనెను. జరిగినది రెంటను ఒక్కటే. మొదటి కథ చదివినవారు ఆ స్త్రీని ఎక్కువగా నిందించి, ఆమె ఎక్కువ సొమ్ము చెల్లించవలెనని తీర్పు చెప్పిరి. అంతకుముందు 1995లో నాన్సీ హెన్లీయు సహచరులును స్త్రీలపై జరుగు హింసను తెలుపు వార్తలను కర్తరివాక్యములతోను కర్మణివాక్యములతోను వ్రాసి చూపిరి. కర్మణివాక్యములను చదివిన పురుషులు, బాధితురాలికి కలిగిన హాని తక్కువయనియు, చేసినవాని బాధ్యత తక్కువయనియు తలచిరి. స్త్రీలయందట్టి మార్పు కనబడలేదు. ఆలోచింపుడు! "భర్త భార్యను కొట్టెను" అనుటకును, "ఒక స్త్రీ కొట్టబడెను" అనుటకును నడుమ ఒక మనుష్యుడు మాయమైనాడు. పోయినవాడు పోగా మిగిలినది ఆ స్త్రీ యొక్కతెయే. అపుడు చదువరి చూపు ఆమె వైపే తిరిగి, ఆమె ఏమి చేసినదో, ఏ వేళ ఎచట నున్నదో వెదకుట కారంభించును.

తెలుగువాడు మాటలాడునపుడు 'పడు' ధాతువును చేర్చి కర్మణివాక్యము చెప్పుట అరుదు. "నాచేత అన్నము తినబడినది" అనువాడు మన వీధులలో లేడు. 'నిర్ణయించబడినది', 'తొలగించబడినది', 'తెలియజేయబడుచున్నది' అను మాటలు ఆంగ్లమున వ్రాసినదానిని మక్కికి మక్కిగా దించు కార్యాలయములలోను పత్రికలలోను పెరిగినవి. అట్లని మన భాష నిర్దోషమని గర్వింప నక్కరలేదు. కర్తను దాచుటకు మనకు మన దారులున్నవి. కుండను పగులగొట్టినవాడు "కుండ పగిలిపోయినది" అనును. అది చిన్న సంగతి. "అమ్మాయి చదువు ఆగిపోయింది" అని ఎన్ని యిండ్లలో వినుట లేదు? చదువు గడియారము కాదు, తనంత తా నాగుటకు. ఎవరో ఆపినారు. తండ్రి యాపెనో, అన్న యాపెనో, డబ్బులేమి యాపెనో, చుట్టముల మాట లాపెనో, వాక్యములో కర్తను పెట్టి చెప్పినగాని ఆ పిల్లకు న్యాయము జరుగదు. "నేను మాన్పించితిని" అని చెప్పవలసివచ్చిన తండ్రి, చెప్పుటకు ముందొక క్షణమైనను ఆగును. ఆ క్షణములో ఒక బిడ్డ జీవితము మలుపు తిరుగవచ్చును.

కర్మణివాక్యమే పాపమని గాని, కర్తరివాక్యమే పుణ్యమని గాని నా తాత్పర్యము కాదు. దొంగ ఎవరో తెలియనపుడు 'ఇల్లు దోపిడి యయ్యె'ననుట తప్పు గాదు. మరియు కర్త యున్న వాక్యము సైతము కర్తలను దాచగలదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టను ఆర్థర్ కాటన్ కట్టెనని మన పిల్లలు చదువుచుందురు. ఆయన ఆలోచనయు పట్టుదలయు లేనిదే అది లేచియుండదు. ఆ కీర్తి ఆయనకు చెల్లవలసినదే. కాని గోదావరి యిసుకలో రాళ్ళు మోసిన వేలకొలది కూలిజనము ఆ వాక్యములో ఎచట నున్నారు? ఏకవచనములో నున్న ఘనమైన కర్త వెనుక బహువచనము మునిగిపోయినది.

ఆ కూలిజనమును గూర్చిన ఆంగ్లపదమునే చూడుడు. 'కూలీ' యను మాట ఆంగ్లమునకు ఎచటనుండి పోయినదో పండితులలో భేదాభిప్రాయములున్నవి. గుజరాతులోని కోలీల పేరునుండి పుట్టినదని కొందరును, దక్షిణదేశపు 'కూలి'నుండి పుట్టినదని కొందరును అందురు. మన భాషయందు కూలి యనగా పనికి వచ్చు వేతనము. దానిని పుచ్చుకొనువాడు కూలివాడు. ఆంగ్లమున ఆ మాట మనుష్యునికే పేరై, తుద కొక తిట్టుగా మారెను. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసతనమును రద్దుచేయు శాసనము చేసెను. అది 1834లో అమలునకు వచ్చెను. ఆ సంవత్సరమే మారిషసు చెరకుతోటలకు భారతదేశమునుండి ఒడంబడిక కూలీల నెక్కించుట మొదలయ్యెను. కోరంగి రేవునుండి పోయిన తెలుగువారిని అచట కోరంగీలని పిలిచిరి. ఆ కాగితములలో బానిస యను మాట లేదు; 'ఎమిగ్రంట్', అనగా వలసపోవువాడు, అనియే యుండెను. తోటను విడిచిపోయినవానికి మాత్రము 'డెజర్షన్' అను నేరము మోపిరి. అది సేనను విడిచి పారిపోవు సిపాయికి వాడు మాట. ఓడ యెక్కునపుడు స్వేచ్ఛగల యాత్రికుడు, పని మానినపుడు పారిపోయిన సిపాయి! 1906లో దక్షిణాఫ్రికాయందలి చీనా కూలీల విషయమున, వారి స్థితిని బానిసతన మనవచ్చునా యను చర్చ బ్రిటిషు పార్లమెంటులో వచ్చెను. అపుడు ఉపమంత్రిగా నుండిన విన్స్టన్ చర్చిల్, ఆ మాటను దాని పరమార్థములో వాడినచో 'టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్', అనగా పరిభాషయందలి యసూక్ష్మత, సంభవించునని చెప్పెను. ఆ పెద్దమాట పిమ్మట అబద్ధమునకు హాస్యముగా మారుపేరయ్యెను. కాని దాని పుట్టుకచోట ప్రశ్న హాస్యమునకు సంబంధించినది కాదు. వేలకొలది మనుష్యుల దుస్థితిని దాని సొంతపేరుతో పిలువవలెనా వలదా యనునదే.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. సత్యమును చెప్పవలెను, ప్రియముగా చెప్పవలెనని మన ధర్మశాస్త్రములు చెప్పినవి గదా. మృదువైన మాట లన్నియు మోసములేనా? చనిపోయినవారి యింటికి పోయి కటువుగా మాటలాడు టెట్లు? వైద్యుడు రోగితో మెత్తగా మాటలాడవలదా? ఈ యాక్షేపణ న్యాయమైనదే. దానికి నాకు తోచిన సమాధాన మిది: మాట మెత్తనిదా కటువైనదా యని గాక, ఆ మెత్తదనమువలన మేలెవరికి యని చూడవలెను. 'పాస్డ్ అవే', అనగా వెళ్ళిపోయినారు, అను ఆంగ్లపు మాట దుఃఖించువాని నొప్పిని తగ్గించును. ఎవరు చనిపోయిరో, ఏమి జరిగినదో అందరికిని తెలిసియే యున్నది. దానిచేత ఎవరి యపరాధమును కప్పుపడుట లేదు. పల్లెలను కాల్చి 'శాంతి' యనిన మాటయు మెత్తనిదే. కాని అది కాలినవాని నొప్పిని తగ్గించదు. కాల్చినవాని నిద్రను కాపాడును. బాధపడినవానికొరకు మెత్తబడిన మాట దయ. బాధపెట్టినవానికొరకు మెత్తబడిన మాట కపటము. ఈ భేదమును పట్టుకొన్నచో ప్రియమునకును సత్యమునకును విరోధము లేదు.

అబద్ధమాడలేదు గనుక సత్యము చెప్పినట్లేయని తలచువారికి భారతమునందలి ధర్మరాజు కథ యొకటి చాలును. ద్రోణుని యెదుట ఆయన పలికిన పలుకులలో అసత్యమైన పద మొక్కటియు లేదు. అశ్వత్థామ యను నేనుగు చచ్చిన మాట నిజము. కాని వినరావలసిన మాటను వినబడకుండ పలుకుటచేత ఆ వాక్యము అబద్ధముకంటె నెక్కువ పని చేసెను. అంతవరకు నేలను తాకక పోవుచుండిన ఆయన రథము ఆ క్షణమున నేలకు దిగెనని వ్యాసుడు వ్రాసెను. సత్యమనగా పదములను తప్పు లేకుండ పేర్చుట గాదనియు, వినువాని మనస్సున నిజమైన బొమ్మ నిలుపుటయనియు ఆ కథ తాత్పర్యము.

మన పాఠశాలలలో ఆంగ్లమును నేర్పుతీరు దీనికి విరుద్ధముగా నున్నది. పెద్దమాట వ్రాసిన విద్యార్థిని మెచ్చుకొందుము. చిన్నమాటతో సూటిగా వ్రాసినవానికి భాష రాలేదందుము. కర్తరివాక్యమును కర్మణివాక్యముగా మార్చుమని పదేపదే యభ్యాసము చేయింతుము. ఏ వాక్యము ఎప్పుడు తగునో, మార్చినందువలన పోయినది ఎవరో ఒక్కనాడైనను అడుగము. పిల్లలు పెరిగి ఉద్యోగములలో చేరి, అదే విద్యను నేర్పుతో ప్రయోగింతురు. ఇది కూడదు. ఆ యభ్యాసము చేయించు దినముననే మూడు ప్రశ్నలను నేర్పవచ్చును. ఈ పని చేసిన దెవరు? దీనిని మీ అమ్మమ్మతో చెప్పవలసివచ్చిన ఏ మాటతో చెప్పుదువు? ఇట్లు వ్రాయుటవలన లాభమెవరికి? పదేండ్ల బిడ్డయైనను ఈ ప్రశ్నలను గ్రహించును. వార్తాపత్రిక చదువునపుడును, బ్యాంకునుండి గాని ప్రభుత్వమునుండి గాని యుత్తరము వచ్చినపుడును, ఇంటిలో ఒక నిర్ణయము జరిగినపుడును తల్లియు తండ్రియు వీనిని తమలో తామడిగికొన్నచో, పిల్లలకు వేరే పాఠ మక్కరలేదు.

మాటలను దిద్దినంతమాత్రమున లోకము బాగుపడదని చెప్పువారి మాట నిజమే. కట్నపు శాసనమునందే దానికి సాక్ష్యమున్నది. కాని ఏ సంస్కరణమునకైనను మొదటి మెట్టు, జరుగుచున్నదానిని దాని పేరుతో పిలుచుట. రెండవ మెట్టు, చేయుచున్నవానిని వాక్యములోనికి తెచ్చుట. ఈ రెండు మెట్లు ఎక్కనివాడు మూడవదానిని చేరలేడు. ఆంగ్లమున వ్రాసినను తెలుగున వ్రాసినను, మనము చేసిన పనికి మనమే కర్తలమై వాక్యమును ముగించు నలవాటు మనకు కలిగినచో, చదివిన చదువునకు అంతకంటె ఫలము వేరే కోరనక్కరలేదు.